మంజులత అడిగిన ప్రశ్న

ఎస్తేరు తాడిమర్రిలో కూలికి పోయే ఇంట్లో పుట్టి, పట్టుబట్టి చదివి, పెనుకొండ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరయింది. తనకు రానిదేదో నలుగురిలో బయటపడుతుందని లోలోపల బెదురు. ఆ బెదురును గద్దింపుతో కప్పుకునేది.

1997లో ఒకరోజు సోడియం పరమాణువు గురించి చెబుతోంది. "కేంద్రకంలో పదకొండు ప్రోటాన్లున్నా, లోపలుండే పది ఎలక్ట్రాన్లు అడ్డుపడటం వల్ల బయటి ఎలక్ట్రాన్ మీద ఆకర్షణ తగ్గుతుంది. రాసుకోండి."

మంజులత లేచి నిలబడింది. ధర్మవరం నేతగాళ్ళ పిల్ల, పెనుకొండలో అవ్వ ఇంట్లో ఉండి చదువుకుంటోంది.

"అడ్డం పడేదంటే ఎట్ల మేడం? ఆ లాగుడు వాటి కాడే ఆగిపోతుందా?"

ఎస్తేరుకు తెలియదు. "పుస్తకంలో ఉండేది చాల్లేదా నీకు? కూర్చో!"

క్లాసంతా నవ్వింది.

ఆ మరుసటి వారం నుంచి మంజులత రాలేదు. నెల దాటింది. తన మాటకే మానేసిందేమోనని ఎస్తేరుకు అన్నం సయించలేదు. అనంతపురం పోయి, తనకు పాఠం చెప్పిన పెద్దాయన్ను అడిగి జవాబు తెలుసుకుంది. ఆ ఆదివారం చర్చి మానుకొని ధర్మవరం రైలెక్కింది.

మంజులత మగ్గం గుంటలో కూర్చుని చీర నేస్తోంది. పక్కనే మంచం మీద తండ్రి కదిరప్ప. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది.

"లాగుడు యాడా ఆగదు పాపా," అంది ఎస్తేరు, నిలబడే. "కేంద్రకం లాగుతానే ఉంటుంది. లోపలివీ ఎలక్ట్రాన్లే గదా, అవి బయటిదాన్ని నెడతాయి. ఆ నెట్టుడు పోగా మిగిలిన లాగుడే దానికి అందేది."

పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగింది. మంజులత ముఖం వెలిగింది. "నేనూ అట్లే అనుకుంటి మేడం!"

"నేను తిట్టినందుకే మానేసినావా?"

"లేదు మేడం. నాయనకిట్లయింది. నేను మగ్గం దిగితే ఇల్లు గడవదు."

"పరీక్షలన్నా రాయి. నేనే వచ్చి చెప్తా."

కదిరప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. "పాపకు ఆశ పెట్టొద్దమ్మా," అన్నాడు. మంజులత మళ్ళీ నాడె అందుకుంది.

ఎస్తేరు ఇంకో రెండుసార్లు పుస్తకాలు తీసుకొని వెళ్ళింది. మంజులత పరీక్ష రాయలేదు. ఆ తర్వాత మళ్ళీ పోయేసరికి ఆ పిల్లకు పెళ్ళి చేసి పంపేశారు.

2004లో ఎస్తేరు హిందూపురానికి బదిలీ అయింది. అక్కడ పిల్లలు ఏమడిగినా కసిరేది కాదు. తెలియకపోతే తెలియదని చెప్పి, మర్నాడు తెలుసుకొని వచ్చేది. "ఇట్లాంటి మేడం మాకు ఎప్పుడూ లేదు," అనేవాళ్ళు పిల్లలు. ఆ మాట విన్నప్పుడల్లా మంజులత గుర్తొచ్చి ఆమె మొహం చాటుచేసుకొని బోర్డు వైపు తిరిగేది.