నీకిష్టమేనా అని అడిగిన అత్తయ్య

పోయిన గురువారం తెల్లవారుతూనే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. మా చిన్నత్తయ్య పోయింది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్ళిపోయింది, అంతకన్నా ఏం కావాలి అన్నారంతా. నాకు కావాలి. ఆవిడ ఇంకొన్నాళ్ళు ఉండాలి.

ఒకప్పుడు మా రేపల్లె ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టగానే ఫలానా మేనమామ కొడుక్కి పెళ్ళాం అని అనేసుకునేవాళ్ళు. అత్తయ్యకీ అలాగే అనుకున్నారు. ఆవిడ అరవైల్లో బాపట్లలో టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసుకుని వచ్చి, ముహూర్తం పెట్టబోతుంటే వద్దంది. కుర్రాడికి ఏం తక్కువని మా నాన్న నిలదీశాడట.

"ఏం తక్కువ లేదన్నయ్యా. మంచివాడే. మంచివాళ్ళందర్నీ చేసుకుంటామా?" అందట.

ఎవడో ఉండే ఉంటాడని బంధువులు తేల్చేశారు. వాడికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు పాపం. ఎవడూ రాలేదు. వచ్చి ఉంటే క్షమించేవాళ్ళేమో గానీ, ఊరికే వద్దన్నందుకు మాత్రం క్షమించలేదు. నాన్న చెల్లెలితో మాట మానేశాడు. ఆవిడ తెనాలిలో ఉద్యోగం చూసుకుంది. ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చేది లేదని ఒక ఇంట్లో అంటే ఇంకో ఇంటి తలుపు కొట్టింది.

డెబ్బైల్లో నేను తెనాలి హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఆదివారాలు ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. నాన్నకు తెలుసు, తెలియనట్టే ఉండేవాడు. ఉప్మానా, దోసెలా అని అడిగేది అత్తయ్య. మా ఇంట్లో పెట్టింది తినడమే గానీ, అడగడం ఎక్కడిది? మీ ఇష్టం అత్తయ్యా అంటే ఒంటికాలిమీద లేచేది. "నా ఇష్టం నాకు తెలుసు. నీది చెప్పు." చెప్పేదాకా స్టవ్వు వెలిగించేది కాదు. ఆకలికి ఆగలేక నేర్చుకున్నాను.

డిగ్రీ అయ్యేసరికి నా వంతు వచ్చింది. మా అమ్మ అన్నకొడుకే వరుడు. నన్నెవరూ అడగలేదు. తాంబూలాలు మార్చుకునే రోజు పెద్దలంతా చాపల మీద కూర్చున్నాక, ఎవరూ పిలవని అత్తయ్య చేతిసంచీతో వచ్చి గుమ్మంలో నిలబడింది. నావైపే చూసి, "నీకిష్టమేనా అమ్మా?" అంది.

ఆడపిల్లని నలుగురిలో అడిగే మాటేనా అది అని మా మామయ్య కసిరాడు.

"నలుగురిలోనే కదండీ ఇచ్చేస్తున్నారు. నలుగురిలోనే అడగాలి."

నాన్న తల వంచుకున్నాడు. ఆవిడ కదల్లేదు. నేను వద్దంటే నా పక్కన నిలబడుతుందని తెలుసు. ఆ ధైర్యంతోనే, వీళ్ళు చెప్పకపోయి ఉంటే బావని చేసుకుంటానా అని మొదటిసారి నన్ను నేనే అడిగాను. చేసుకుంటాననే అనిపించింది.

"ఇష్టమే అత్తయ్యా," అన్నాను.

ఇక కానివ్వండి అని ఆవిడ వెనక్కి తిరిగింది. ఇన్నేళ్ళలో బావతో ఎన్నిసార్లు పోట్లాడినా, ఎవరో కట్టబెట్టారని ఏడ్చే వీల్లేకుండా చేసింది మహాతల్లి. ఈ పెళ్ళి నాదే.

అత్తయ్య వీధి మలుపు తిరగకముందే అమ్మ చప్పున లేచింది. కుంకుమభరిణె పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఎండలో పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను. వీధి మధ్యలో ఆపి ఆవిడకి బొట్టు పెట్టింది.

"పెళ్ళికి రావాలమ్మాయ్," అంది. ఆ తర్వాత చిన్నగా, "నా పెళ్ళప్పుడు నన్నెవరూ అడగలేదు," అంది.

పెట్టిన కుంకుమ కాస్త అత్తయ్య ముక్కు మీద రాలింది. ఆవిడ తుడుచుకోలేదు. అలాగే స్టేషన్ వైపు నడిచి వెళ్ళింది.