గళ్ళ తువ్వాల ముందు పాత లెన్సు

రింగు తిప్పగానే టిక్కుమంది. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో! జగిత్యాలలో మా ఇంటి వరండాలో కూర్చుని వక్క కొరుకుతున్నదాన్ని, నోట్లోది నోట్లోనే ఉండిపోయింది. మా మనవరాలు శ్రుతి నా పెట్టె అడుగు నుంచి పాత లెన్సు తీసి, ఆన్‌లైన్‌లో తెప్పించిన అడాప్టరొకటి మధ్యన బిగించి, తన డిజిటల్ కెమెరాకు తగిలించింది. టిక్కు, టిక్కు. లెన్సు మీద, లోపలికి ఎంత వెలుతురు రావాలో చెప్పే రింగు అది. బూజు పట్టొద్దని నేను పెట్టెలో వేసిన కర్పూరం వాసన కూడా దాంతోపాటే బయటికొచ్చింది.

"అమ్మమ్మా, కెమెరా అసలు లెన్సే లేదంటాంది," అంది శ్రుతి తెర చూసి.

"గింత బరువుది ముందల పెట్టినంక గూడ లేదంటదా? కండ్లు లేవా దానికి?"

"పాత లెన్సు గద, గుర్తు పడ్తలేదు. ఆగు, సెట్టింగుల చెప్త."

చెప్పింది. కెమెరా ఒప్పుకుంది. ఇక లెన్సు ఎట్లా ఉందో చూడాలని గోడకు న్యూస్ పేపరు అంటించబోయింది. "పేపరు గాదు బిడ్డా, గళ్ళ తువ్వాల తే, సిరిసిల్లది," అన్నాను. అనేశాక నాకే తట్టింది. ఆ మాట నాది కాదు, రాజేశం సారుది. ఆయన గురించి చెప్తాను రాసుకో అంటే ఇది ఫోను పట్టుకుని కూర్చుంది. నా మాటలు కాస్త సర్ది పుస్తకంలో లాగా రాస్తానంటోంది. నావి సర్దుకో, సారు మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

రాజేశం సారుది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. నేత వదిలేసి కోరుట్లలో ఫోటో స్టూడియో పెట్టుకున్నారు. మా ఆయన కల్లు గీస్తూ తాడిచెట్టు మీంచి పడి నడుం దెబ్బ తిన్నాక నేను ఆ స్టూడియోలో ఫోటోలు కడిగే పనికి చేరాను. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు కెమెరాలు, లెన్సులు తెచ్చి అమ్మేవాళ్ళు. సారు ఏదీ చూడకుండా కొనేవారు కాదు. వెనక పెరట్లో గళ్ళ తువ్వాల బిగించి కట్టి, రింగు ఒక్కో అంకె మీద పెట్టి ఒక్కో ఫోటో తీసేవారు. కడిగాక భూతద్దం పట్టుకుని చూసేవారు. మధ్యలో పోగులు విడివిడిగా కనబడుతున్నాయా, మూలల్లో అలుక్కుపోయాయా, గళ్ళ గీతలు వంగాయా అని. నేసినవాడి కన్ను కదా, పోగు దగ్గర మోసపోదు.

ఈ లెన్సు కూడా అట్లా వచ్చిందే. రింగు పూర్తిగా తెరిచి తీస్తే నడిమధ్య బాగుంది, మూలలు మాత్రం పాలలో ముంచినట్టున్నాయి.

"ఇది ఫెయిలే గద సార్?" అన్నాను.

"పరీక్ష పెట్టేది ఫెయిల్ చేసెటందుకు గాదు బిడ్డా, దీని గుణమేందో తెల్సుకునెటందుకు. తెలిస్తే గా పనికి వాడుకుంటం."

మనుషుల్నీ ఆయన అట్లాగే చూసేవారు. ఫోటోలు కడగడంలో నేను అంతంత మాత్రమే. ఏడ్చే పిల్లల్ని మాత్రం మాటల్లో పెట్టి ఇట్టే కూర్చోబెట్టేదాన్ని. అది గమనించి ఒకనాడు కెమెరా నా మెళ్ళో వేశారు. "ఈ లెన్సు దూరందాన్ని దగ్గరికి గుంజుక రాదు. నువ్వే దగ్గరికి పోవాలె. తియ్యకముందు ఒక్కటి అడుగు, గీ ఫోటో ఎవరు చూస్తరు అని." కల్లు గీసేటోళ్ళ కోడలు కెమెరా పట్టుడేందని బజారంతా నవ్వింది. "పట్టుకునెటందుకు చెయ్యి గావాలె గని ఇంటిపేరెందుకు?" అన్నారు సారు.

అప్పుడే గొల్లపల్లి నుంచి కబురొచ్చింది. ఒక బాలింత. భర్త దుబాయికి పోయాక ఆడపిల్ల పుట్టింది, తండ్రి ఇంకా బిడ్డ ముఖం చూడలేదు. వాళ్ళ ఊరతను మర్నాడే దుబాయి ప్రయాణం, అతని చేత ఫోటో పంపాలి. బాలింత గదిలోకి మగవాళ్ళు రావొద్దన్నారు కాబట్టి సారు నన్ను పంపారు. ఫోటో చెడితే మళ్ళీ తీసే వీలు లేదు. నన్ను మళ్ళీ కెమెరా పట్టనిచ్చేవాళ్ళూ ఉండరు.

గది చీకటి. పసిపిల్ల కళ్ళల్లో లైటు కొట్టొద్దంది అత్తగారు. పట్టుచీర కట్టుకుని, మనవరాల్ని ముందుకు పట్టుకుని, తనూ ఫోటోలో పడాలని కూర్చుంది. తలుపు బార్లా తీయించాను. రింగు పూర్తిగా తెరిచాను. ఎవరు చూస్తారని నన్ను నేనే అడిగి, ఒక అడుగు ముందుకు వేసి, పిల్ల కళ్ళ మీద నిలిపి నొక్కాను. అత్తగారి ముఖం పై మూలకు పోయింది.

పొద్దున్నే ఆ అత్తగారు ఫోటో కోసం స్టూడియోకు వచ్చింది. అదే పట్టుచీర.

"ఏందయ్యా రాజేశం, నేనేడున్న ఇందుల? నా మొఖం మీద పొగ గొట్టిండ్రా? గిదేం ఫోటో!"

సారు ఫోటో తీసుకుని కాసేపు చూశారు.

"అవ్వా, దుబాయిల గీ ఫోటో ఎవరు చూస్తరు?"

"ఎవరు చూస్తరు, నా కొడుకే."

"నీ మొఖం ఆయన చూడందా?"

"నా మొఖం చూడకుంటనే పెరిగిండా!"

"మరి పిల్ల మొఖం?"

ఆమె ఫోటో లాక్కుని గుమ్మం దగ్గరి వెలుతుర్లో మళ్ళీ చూసింది. "కనుబొమ్మలు అచ్చం మా వానియే," అంది మెల్లగా. వెంటనే గొంతు పెంచి, "గట్లనైతే నాది వేరే ఒకటి దియ్యుండ్రి. చీర ఊకెనే కట్టుకున్ననా?"

సారు కెమెరా తన చేతిలోకి తీసుకోలేదు. "తియ్యి బిడ్డా," అన్నారు నాతో. మా ఇంట్లో పొయ్యి ఆ మాట మీద ఎన్నేళ్ళు వెలిగిందో!

తర్వాత ఆ తండ్రి సెలవు మీద వచ్చినప్పుడు, కూతురిని చంకనేసుకుని స్టూడియోకు వచ్చి, జేబులోంచి ఆ ఫోటో తీసి చూపించాడు. చేతుల్లో నలిగి నలిగి ఈసారి మూలలు నిజంగానే పోయాయి. పిల్ల కళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి.

స్టూడియో మూసి సిరిసిల్ల వెళ్ళిపోయేటప్పుడు సారు ఈ లెన్సు నాకిచ్చారు. "దీని గుణం నీకెరుక," అన్నారు, అంతే. ఇప్పుడాయన లేరు.

శ్రుతి తువ్వాలను అన్ని అంకెల మీదా తీసింది. తెర మీద పోగులు పెద్దవి చేసి చూపించింది. సారు చూసుంటే భూతద్దం పక్కన పడేసేవారు! "ఎనిమిది మీద మంచిగుంది. మొత్తం తెరిస్తే మూలలు పోతున్నయి, అమ్మమ్మా," అంది.

"ఎరుకే. ఇటు తే, నీది ఒకటి తీస్త."

ఈ మధ్యనే నా కంట్లో పొర తీసి కొత్త లెన్సు వేశారు. శ్రుతిది కొత్త కెమెరాకు పాత లెన్సు, నాది పాత కంటికి కొత్త లెన్సు. చూపు నిలిపే రెండో రింగు తిప్పుతుంటే తెర మీద దాని కళ్ళు మసకలోంచి తేలి వచ్చాయి.

"గీ ఫోటో ఎవరు చూస్తరు బిడ్డా?"

"ఎవరికీ పంప. నాకే. నువ్వు తీసినవని దాచుకుంట."

నా మోకాళ్ళ నొప్పులు దానికి తెలుసు, తనే ముందుకు జరగబోయింది. వద్దన్నాను. లేచి నిలబడి, నేనే ఒక అడుగు దగ్గరికి వేశాను.