పరుగు మొక్కు

మా ఇంట్లో ఒక మాట అనకూడదు. నాయన పేగులో ఉన్నదేమిటో డాక్టరు మాకు చెప్పిన రోజే, ఆస్పత్రి మెట్ల మీదే అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. "ఆ మాట మీ నాయన సెవిన పడిందంటే మనిషి మంచం దిగడు. గడ్డ అని సెప్పు. ఉత్త గడ్డ." ఆ రోజు నుంచి వడమాలపేటలో మా ఇంట్లో దాని పేరు గడ్డ. మందు ఎక్కించడానికి తిరుపతికి తీసుకెళ్లినప్పుడల్లా, వార్డు ముందున్న పెద్ద బోర్డు కనపడకుండా నేను నాయనకు అడ్డంగా నడిచేదాన్ని. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసిన మనిషి ఆయన. దారిలో కనిపించిన ప్రతి బోర్డునూ పైకి చదవడం అలవాటు. ఆ ఒక్క బోర్డు మాత్రం ఎప్పుడూ చదవలేదు. నా అడ్డం బాగా పనిచేస్తోందని మురిసిపోయాను. ఏం తెలివి నాది!

తిరుపతిలో ఒక స్కూలు ఆఫీసులో నా ఉద్యోగం. అక్కడి పీఈటీ సారు ఒకరోజు వచ్చి, క్యాన్సర్ రోగుల మందుల కోసం విరాళాల పరుగు పెడుతున్నారనీ, ఐదు కిలోమీటర్లనీ చెప్పాడు. "మీ నాన్నగారి కోసం ఏదో ఒకటి చేయాలని ఉంటుంది కదా మేడం" అన్నాడు. ఉంటుంది. ఏం చేయాలో తెలియకే కదా చస్తున్నది. పేరు ఇచ్చేశాను. ఇచ్చాక ఒకటే అయోమయం. నేను పరిగెత్తితే ఆయన పేగులో గడ్డ ఎలా తగ్గుతుంది? బస్సు కోసం తప్ప జన్మలో పరిగెత్తినదాన్ని కాదు. అయినా తెల్లారగానే బూట్లు వేసుకుని బయలుదేరడం మొదలుపెట్టాను.

మూడో రోజు గుమ్మంలో కూర్చున్న నాయనకు దొరికిపోయాను.

"యాడికి మే, పొద్దన్నే బూట్లేసుకోని?"

నోటికి ఏదొస్తే అది అనేశాను. "మొక్కు నాయనా. నీ గడ్డ తగ్గితే పరిగెత్తుతానని... కాదు, తగ్గాలని పరిగెత్తుతానని మొక్కుకున్నా."

కొండకు నడిచి వెళ్లే మొక్కు ఉంది, మోకాళ్లతో మెట్లెక్కే మొక్కు ఉంది, పొర్లుదండాల మొక్కు ఉంది. పరుగు మొక్కు ఎవరైనా విన్నారా? నాయన మాత్రం నవ్వలేదు.

"ఒక్కేటికా, మూడేండ్లకా?" అని అడిగాడు. మా వైపు పెద్ద మొక్కులు మూడేళ్లు వరుసగా తీరుస్తారు.

"ఈ ఒక్కేటికే నాయనా" అన్నాను తేలిగ్గా.

ఆయన చేతిలో ఉన్న నీళ్ల గ్లాసును అలాగే కాసేపు తిప్పుతూ కూర్చున్నాడు. మొక్కు మరీ చిన్నదిగా ఉందని నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. తర్వాత తలెత్తి, "మొక్కు తీర్సేటప్పుడు ఎవురికోసరం మొక్కుకున్నారో ఆ మనిషి ఆడ ఉండాల. నేనూ వస్తా" అన్నాడు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి వాయించింది. "నీ నోరు పడిపోను! మొక్కని ఎవురు సెప్పమన్నారు నిన్ను? ఆడంతా ఆ మాటే రాసుంటారు గదా!"

కుడితిలో పడ్డ ఎలుకలా అయిపోయింది నా పని. రావద్దందామంటే మొక్కుకు రావద్దని ఎవరినైనా అంటారా? నిజం చెబుదామంటే ఒట్టు ఉంది. పరుగే మానేద్దామా అనుకుంటే అదొక భయం. ఉత్తుత్తి మొక్కు కూడా మొక్కేనా? మానేస్తే ఆయనకేమన్నా అవుతుందా? దేవుడి మీద అంత నమ్మకం ఉన్నదాన్ని కూడా కాదు నేను. మరి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

పరుగు రోజు పొద్దున అమ్మ నాయన కళ్లజోడు బియ్యం డబ్బాలో దాచేసింది. ఆయన రెండు నిమిషాలు వెతికి, "పోనీలే" అని అది లేకుండానే బస్సెక్కాడు. మా ఎత్తు పారిందనుకున్నాను. తీరా కాలేజీ మైదానం దగ్గర దిగితే, గేటు మీద బ్యానరులో అక్షరాలు మనిషెత్తున ఉన్నాయి. మైకులో ఒకాయన "క్యాన్సర్‌ను" అని అరుస్తుంటే, జనమంతా "తరిమికొడదాం!" అంటున్నారు. కళ్లజోడు దాచాం సరే, చెవులెక్కడ దాచాలి తల్లీ! నాయనను దూరంగా రోడ్డు పక్కన వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్లిచ్చిన ఊదారంగు టీషర్టును అక్షరాలు లోపలికి వెళ్లేలా తిరగేసి వేసుకున్నాను. పీఈటీ సారు అందరి ముందూ, "మేడం, తిరగేసి వేసుకున్నారు!" అని కేకేశాడు. నాకు వినపడలేదన్నట్టు పరుగు మొదలుపెట్టాను.

మొదటి కిలోమీటరు బాగానే గడిచింది. మూడోదానికి డొక్కలో నొప్పి, కళ్లలోకి చెమట. ముసలాయన ఒకాయన నన్ను దాటి వెళ్లిపోయాడు. దారి చుట్టు తిరిగి మళ్లీ మైదానం ముందుకే వచ్చింది. ఆగిపోదామని రోడ్డు పక్కకు వచ్చాను. అప్పుడు వినపడింది, రేకు మీద చేత్తో కొట్టిన చప్పుడు, రెండుసార్లు. నాయన కుర్చీలోంచి లేచి వచ్చి, రోడ్డు వారన అడ్డుగా పెట్టిన రేకు పక్కన నిలబడి ఉన్నాడు. తల మీద తువ్వాలు, చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో తెలియనంత సన్నగా. బస్సు పక్కన కొట్టినట్టే రేకును మళ్లీ కొట్టాడు.

"రైట్! రైట్! పోనీ!"

ఆ గొంతుకు ముప్పై ఏళ్లు బస్సులే కదిలాయి. నేనెంత! ఏడుస్తూ పరిగెత్తాను. అందరికన్నా చివర్లో చేరినవాళ్లలో నేనొకదాన్ని.

మజ్జిగ ప్యాకెట్టు తీసుకుని చెట్టు కిందికి వచ్చేసరికి నాయన నన్ను కిందికీ మీదికీ చూసి నవ్వాడు. "సొక్కా తిరగేస్కోని ఏం లాభం మే? తడిసినాక అచ్చరాలు ఈపక్కకే కనపడతా ఉండాయి."

తేలు కుట్టిన దొంగలా రెండు చేతులూ టీషర్టుకు అడ్డం పెట్టుకున్నాను.

"ముప్పై ఏండ్లు బోర్డులు సదివినోన్ని. ఆస్పత్రి కాడ బోర్డు మొదుటి దినమే సదివినా. నువ్వు అడ్డం నడస్తా ఉంటే పాపం, ఎందుకులే అని ఊరకుండినా." మజ్జిగ ప్యాకెట్టు నా చేతిలోంచి తీసుకుని మూల కొరికి మళ్లీ నాకే ఇచ్చాడు. "మీయమ్మకు మాత్రం సెప్పొద్దు. నాకు తెల్సని తెలిస్తే ఆమె తట్టుకోలేదు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్ని నెలలుగా ఎవరి నుంచి ఎవరిని కాపాడుతున్నాను నేను? ఆమెకొక ఒట్టు, ఈయనకొక మాట. మధ్యలో నేను.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. కళ్లజోడు లేకపోయినా బోర్డులు వరుసగా చెబుతూనే ఉన్నాడు, గుర్తుమీద. కాసేపటికి ఆపేశాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"అయితే మొక్కు తీరిపోయినట్టేనా పాపా?"

ఆ పొద్దు నీళ్ల గ్లాసు ఎందుకు తిప్పాడో అప్పుడు అర్థమైంది. నేను ఆయనకు ఒక్క ఏడాదే ఇచ్చాను.

"లేదు నాయనా" అన్నాను. "ఆ పొద్దు తప్పు సెప్పినా. నేను మొక్కుకునింది మూడేండ్లకు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"అట్లయితే ఇంకా రెండుండాయి" అన్నాడు.