తొమ్మిదో కక్ష్య, మలికిపురం శాఖ

నాకు ఇరవై మూడేళ్ళు నడుస్తున్న ఆ రోజుల్లో, ఎదుటివాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో కనిపెట్టి అదే చెప్పడం గొప్ప విద్య అనుకునేవాణ్ణి. అందులో నేను ఆరితేరిపోయానని కూడా అనుకునేవాణ్ణి. మలికిపురం సెంటర్లో ఒక సెల్‌ఫోన్ల షాపులో నాకు పని. పగిలిన అద్దాలు మార్చడం, చార్జింగు ఎక్కని ఫోన్లలో పోగైన దుమ్ము ఊదడం, "ఈ రంగు మీకు బాగా నప్పిందండి" అని నల్ల కవరు కొన్న ప్రతి ఒక్కరికీ చెప్పడం (మా దగ్గర నల్ల కవర్లు తప్ప వేరే రంగు ఉండేది కాదు) నా ఉద్యోగ ధర్మాలు. ఎవరితోనూ మాటా మాటా అనుకోకుండా బతికేస్తున్న అలాంటి నన్ను, ఎక్కడో ఆకాశంలో దీపం పెట్టుకుని కూర్చున్న ఓ ముసలావిడ గోదాట్లో నిలబెట్టి పరువు తీసింది. ఆవిడ నిజం మనిషి కాదు. సీరియల్లో మనిషి.

ఆ సీరియల్ పేరు 'తొమ్మిదో కక్ష్య'. కువైట్ నుంచి సెలవుకి వచ్చిన మా బావ దాన్ని నాకు అంటించి, తను మాత్రం విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. తెలుగులోకి మార్చి శుక్రవారం సాయంత్రం ఒక్కో భాగం చొప్పున ఫోన్లో వదిలేవారు. ఒక పెద్ద ఆకాశనౌక, దానికి ఎవరి మాటా వినని ఒక కెప్టెనమ్మ, ఆవిడ వెంటపడే ఆకుపచ్చ మెడ దుర్మార్గుడు. ఇంతే కథ. కానీ చూడ్డం మొదలెడితే వదిలేది కాదు. నాకు నచ్చింది కదా అని షాపుకి వచ్చిన వాళ్ళ ఫోన్లన్నిటిలోనూ ఎక్కించాను. భక్తి పాటలు వేయించుకోడానికి వచ్చిన వాళ్ళకి కూడా పాటలతోపాటు కెప్టెనమ్మని ఇచ్చి పంపాను. చూస్తుండగా నాతో కలిపి పద్దెనిమిది మంది తేలారు. 'తొమ్మిదో కక్ష్య, మలికిపురం శాఖ' అని వాట్సాప్ గ్రూపు పెట్టాను. అడ్మిన్ని నేనే. (మిగతా శాఖలు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు.)

ఆ పద్దెనిమిది మందిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు కొబ్బరి బాబాయి గారు. కాయల వ్యాపారం ఆయనది, మా షాపు ఉన్న గదీ ఆయనదే. కెప్టెనమ్మంటే ప్రాణం. "మా అమ్మాయండీ అది, అలాగే ఉంటది, ఎవడి మాటా ఇనదు" అని లారీ డ్రైవర్లతో చెప్పుకునేవారు. రెండోవారు రాజోలు హైస్కూల్లో సైన్సు చెప్పే మేడం గారు. నాకు పదో తరగతిలో పాఠం చెప్పి, నా మార్కులు చూసి జాలిపడి, మా ఓనరుతో మాట్లాడి ఈ ఉద్యోగం ఇప్పించిన మహాతల్లి. "ఆకాశంలో చప్పుడు వినపడదురా, ఆ పేలుళ్ళన్నీ అబద్ధం. అయినా చూస్తాననుకో" అనేవారు. ఇద్దరూ గ్రూపులో ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటూ ఉండేవారు. బాబాయి గారు అర్థంకాని సంగతి అడిగితే మేడం గారు గ్రహాల బొమ్మ గీసి మరీ పెట్టేవారు.

ఐదో భాగం చివర్లో కెప్టెనమ్మ నౌక బయట తాడు పట్టుకుని వేలాడుతోంది. ఆకుపచ్చ మెడవాడు కత్తి తీశాడు. తాడు మీద కత్తి పెట్టాడు. అంతే, అయిపోయింది. ఇక ఆ వారం ఎలా గడిచిందో మాకే తెలియాలి. బాబాయి గారు రోజూ షాపుకొచ్చి "ఏరా అబ్బాయ్, తెగదు కదా?" అని అడిగేవారు. "తెగదండి, గట్టి తాడండి" అని ధైర్యం చెప్పేవాణ్ణి. 

శుక్రవారం వచ్చింది. ఆరో భాగం వచ్చింది. అందులో కెప్టెనమ్మ లేదు. నౌక లేదు. తాడూ లేదు. ఎప్పుడూ వాన కురిసే ఏదో గ్రహం, అక్కడ ఒంటరిగా ఒక ముసలావిడ, దారితప్పిన నౌకలకి గుర్తుగా రోజూ ఆవిడ వెలిగించే ఒక దీపం. ఒక మరమనిషి వచ్చి "ఇటు నౌకలు రావడం మానేశాయి, ఈ దీపం ఆర్పెయ్యమని పైవాళ్ళు చెప్పారు" అంటుంది. "వాన తగ్గనీ, కూర్చో" అంటుంది ఆవిడ. ఇద్దరూ కూర్చుని చిక్కుడుకాయల్లాంటివేవో ఒలుస్తారు. ముందు కథతోగానీ తర్వాత కథతోగానీ ఏ సంబంధమూ లేదు.

నేను ఆ భాగం మర్నాడు మధ్యాహ్నం, పనసపొట్టు కూరతో కడుపునిండా భోంచేసి, షాపులో స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. వాన చప్పుడు హాయిగా ఉంది. ముసలావిడ మూడో కాయ ఒలిచింది. ఆ తర్వాత నాకు తెలిసింది ఏమిటంటే, బల్ల మీద నా బుగ్గకి స్క్రూడ్రైవరు అచ్చు పడింది, గ్రూపులో యుద్ధం జరుగుతోంది.

ముందు బాబాయి గారు ఫోన్ చేశారు. "ఏవిట్రా ఇది? వాన సూడ్డానికి నాకు సీరియల్ కావాలా? శ్రావణమాసంలో మా పెరట్లోకి రా, సూపిత్తాను. దీపం అంటే మన అంతర్వేదిలో లైట్‌హౌసు లేదా? అక్కడ తాడు మీద పిల్ల ఏలాడతంటే ఈళ్ళు చిక్కుళ్ళు ఒలుత్తారా? నువ్వేవంటావ్?" నేనేమంటాను? "ఘోరమండి. ఆయ్. నేనైతే తట్టుకోలేకపోయానండి" అన్నాను. ఫోన్ పెట్టగానే మేడం గారు చేశారు. గొంతు తడిగా ఉంది. "ఇన్నాళ్ళకి ఒక్క మంచి భాగం తీశారురా. ఆ గింజలు ఒలవడంలోనే ఉంది అంతా. బాబాయి గారికి ఏమిటో ఆ కోపం. నీకు అర్థమయ్యింది కదూ?" అన్నారు. "అర్థమయ్యిందండి. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోందండి" అన్నాను. (కళ్ళు మూసుకున్న మాట మాత్రం నిజం.)

రెండు రోజుల్లో శాఖ చీలింది. బాబాయి గారి వైపు తొమ్మిదిమంది 'తాడు వర్గం', మేడం గారి వైపు ఎనిమిదిమంది 'దీపం వర్గం'. రెండు వర్గాలకీ వేరు గ్రూపులు పెట్టిపెట్టింది నేనే, ఎందుకంటే వాళ్ళెవరికీ గ్రూపు పెట్టడం రాదు. రెండిట్లోనూ నేనున్నాను. పొద్దున్న తాడులో "కరెక్టండి" అని, సాయంత్రం దీపంలో "కరెక్టండి" అని పెట్టేవాణ్ణి. ఒకరు కోపగించుకుంటే ఉద్యోగానికి, ఒకరు కోపగించుకుంటే షాపుకే ముప్పు. నాకు వేరే దారి కనపడలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అందరూ బాగున్న రోజుల్లోనే, ఆ వచ్చే ఆదివారానికి దిండిలో హౌస్‌బోటు మాట్లాడుకున్నాం, అందరం కలుసుకుందామని. మానుకుందామంటే ఏ వర్గమూ ఒప్పుకోలేదు. "మేం ఎందుకు మానాలండి? ఆళ్ళని మానమనండి" అని బాబాయి గారు. "వారు రాకపోతే ఎవరికీ అభ్యంతరం లేదు" అని మేడం గారు. ఆ శుక్రవారం ఏడో భాగం వాయిదా పడింది కాబట్టి తాడు సంగతీ తేలలేదు. ఆదివారం పొద్దున్న పద్దెనిమిది మందీ వచ్చేశారు.

బోటులో తాడు వర్గం ముందు కూర్చుంది, దీపం వర్గం వెనక కూర్చుంది. తాడు వర్గంలో అందరూ కొబ్బరి వ్యాపారంలో ఉన్న దిట్టమైన మనుషులు కావడంతో బోటు ముందుకి వాలింది. బోటు నడిపే సరంగు వచ్చి చేతులు జోడించి, "బాబ్బాబు, ఓ నలుగురు ఎనక్కి ఎల్లండి, ముక్కు మునిగిపోతంది" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "ఎనక్కెల్లి ఏం సెయ్యాలండి, చిక్కుడుకాయలు ఒలవాలా?" అని ముందునుంచి ఒకాయన. "తాడు తెగితే మునిగేది వాళ్ళే" అని వెనకనుంచి ఒకావిడ. నేను మధ్యలో నిలబడి, ముందుకి తిరిగి ఒక నవ్వు, వెనక్కి తిరిగి ఒక నవ్వు నవ్వుతున్నాను.

వంటాయన వంటగదిలోంచి తల బయటపెట్టాడు. పొయ్యి మీద రొయ్యలు వేగుతున్నాయి. "ఏవండీ, ఆస్తి తగువాండీ?" అని అడిగాడు. కాదు, సీరియల్ తగువు అన్నారు. "అదేంటండీ, కథ సెప్పండి, మేవూ ఇంటాం" అన్నాడు. చెప్పబోతే రెండు వైపులనుంచీ ఒకేసారి మాటలు వచ్చాయి. అప్పుడు మేడం గారు చెయ్యెత్తి, "మనం చెప్తే పక్షపాతం అంటారు. అబ్బాయి చెప్తాడు. వాడు రెండు వైపులవాడూ" అన్నారు. ఆ చివరి మాట ఆవిడ ఎలా అన్నారో గానీ, నేను నవ్వడం మానేశాను. బాబాయి గారు కూడా, "ఆయ్, ఆడే చెప్పాలి" అన్నారు.

మొదలుపెట్టాను. వాన చెప్పాను. దీపం చెప్పాను. మరమనిషి రావడం, చిక్కుళ్ళు, మూడో కాయ దాకా ఏ లోటూ లేకుండా చెప్పాను. చెయ్యి ఎలా కదిలిందో అభినయించి మరీ చూపించాను. అక్కడితో నాకు తెలిసిన కథ అయిపోయింది. ముప్ఫై ఎనిమిది కళ్ళు నా మీద ఉన్నాయి (అందులో నావి లేవు, సరంగువీ వంటాయనవీ కలిపాను). "తర్వాతేవైందండీ?" అన్నాడు వంటాయన. 

"తర్వాతా... ఆ ముసలావిడ ఎవరో కాదండి. కెప్టెనమ్మ కన్నతల్లండి!" అన్నాను. అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఊపొచ్చింది. "ఆ మరమనిషి ఆకుపచ్చ మెడవాడి మనిషండి. ఆవిణ్ణి పొడిచేస్తాడండి. ఆవిడ 'అమ్మాయీ' అని అరుస్తూ దీపం మీద పడిపోద్దండి. దీపం పేలిపోద్దండి. గ్రహం మొత్తం పేలిపోద్దండి!"

"ఒరేయ్!" అని లేచారు బాబాయి గారు. ఎర్రబడ్డ మొహంతో ముందునుంచి నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చేశారు. "ఆ మహాతల్లిని పొడిపిత్తావేంట్రా? అది చెత్తే. నేను కాదన్ను. కానీ మరీ ఇంత చెత్త కాదు!"

"చూడనేలేదు వీడు" అన్నారు మేడం గారు, వెనకనుంచి మధ్యకి వస్తూ. నా హోమ్‌వర్కు పక్కవాడి నోటుబుక్కులోంచి దిగిందని పట్టుకున్నప్పుడు కూడా ఆవిడ మొహం ఇలాగే ఉండేది. తాడు వర్గం వచ్చేసింది, దీపం వర్గం వచ్చేసింది, అందరూ నా చుట్టూ చేరారు. బోటు చక్కగా సమానంగా నిలబడింది. "హమ్మయ్య" అన్నాడు సరంగు.

"అసలేవైందో నే చెప్తాను వినండి" అని బాబాయి గారు వంటాయన వైపు తిరిగారు. "గింజలు ఒలవడం అయ్యాక ఆవిడ అడుగుద్దండి, 'నువ్వెప్పుడైనా దారి తప్పేవా?' అని. ఆ మరమనిషి..." "మూడు క్షణాలు ఆగుతుంది" అన్నారు మేడం గారు. "నాలుగండి" అన్నారు బాబాయి గారు. "నేను లెక్కెట్టేను. నాలుగాగి, 'ఇప్పుడే' అంటది." 

మేడం గారు ఆయన వంక వింతగా చూశారు. "మీరెన్నిసార్లు చూశారండీ?" 

"ఎంత చెత్తగా ఉందో చూద్దావని... ఓ ఐదుసార్లు" అన్నారాయన నేల చూపులు చూస్తూ. 

తర్వాత కథ ఇద్దరూ కలిసి చెప్పారు. ఒకరు మాట మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేశారు. చివరికి ఆ ముసలావిడ ఇన్నేళ్ళకి సంచి సర్దుకుని ఇంటికి వెళ్ళిపోతుందట, దీపం వెలిగించడానికి మరమనిషి ఉండిపోతుందట. అక్కడికొచ్చేసరికి బాబాయి గారు మొహం గోదారి వైపు తిప్పేసుకున్నారు. వంటాయన భుజం మీద తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, "ఉల్లిపాయలండి" అన్నాడు. సరంగు కూడా చుక్కాని వదిలేసి వచ్చి మా మధ్యన కూర్చుని వింటున్నాడు. కాసేపటికి అడుగునుంచి కర్రుమని చప్పుడయ్యింది. ఇసుక మేట ఎక్కేశాం. అదే సమయానికి వంటగదిలోంచి మాడు వాసన వచ్చింది.

"పోటొచ్చేదాకా కదల్దండి, ఆయ్" అన్నాడు సరంగు. రొయ్యలు బొగ్గులయ్యాయి. పెరుగూ అన్నమూ ఆవకాయా మిగిలాయి. తినేశాక చెయ్యడానికి పనేమీ లేకపోవడంతో నాకు శిక్ష వేశారు. ఆరో భాగం మొత్తం, కునుకు తియ్యకుండా, అందరి ఎదుటా చూడాలి. బాబాయి గారు ఫోన్ పట్టుకున్నారు, మేడం గారు నా కళ్ళని కాపలా కాశారు. అంతమంది మెడ మీద ఊపిరి వదులుతుండగా సీరియల్ చూడ్డం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. "ఇదిగో ఇక్కడ, చూడు చూడు" అని ఒకరు, "ఇదే, ఈ సాగదీతే నే చెప్పింది" అని ఇంకొకరు. అయిపోయింది. అందరూ నా మొహంలోకి చూశారు. "ఇప్పుడు చెప్పరా. నిజం చెప్పు. ఎలా ఉంది?"

నా జన్మలో మొదటిసారి, ఎవరికి ఏం కావాలో నాకు అంతుపట్టలేదు. నిజం చెప్పడం తప్ప గత్యంతరం లేకపోయింది. "నాకు మళ్ళీ నిద్రొచ్చిందండి. కానీ ఆవిడ సంచి సర్దుకున్నప్పుడు మెలకువొచ్చేసిందండి" అన్నాను. 

రెండు వర్గాలూ ఏకగ్రీవంగా తీర్మానించి నన్ను పాత గ్రూపులోంచి బహిష్కరించాయి. తీసెయ్యడం ఎవరికీ రాదు, అడ్మిన్ని నేనే కనక, అందరికీ నమస్కారం పెట్టి నన్ను నేనే తీసేసుకున్నాను. అంతకు ముందు బాబాయి గారిని అడ్మిన్ని చేసి, ఎలా చేర్చుకోవాలో నేర్పాను. ఆ తర్వాతి శుక్రవారం ఆయన ఫోన్లో ఏడో భాగం తెరుచుకోక, "అబ్బాయ్, తాడు సంగతి తేలాలి, రా" అని మళ్ళీ చేర్చుకున్నారు. ఉద్యోగం పోలేదు. షాపు గదీ పోలేదు. మేడం గారు మాత్రం ఎప్పుడు కలిసినా "చూశావా, చూశానంటున్నావా?" అని అడిగేవారు.

ఇప్పుడు నాకు రాజోల్లో సొంత షాపుంది. ఫోన్లో నలభై గ్రూపులున్నాయి. ఏ సీరియల్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను, బాగోలేకపోతే బాగోలేదనే. ఎవరూ ఏమీ అనుకోరు. ఒక బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేస్తారు. నేను చూశానో, చూడకుండానే చెప్పానో తెలుసుకోవాలని నా కళ్ళలోకి తొంగిచూసే మనిషి ఆ నలభై గ్రూపుల్లోనూ ఒక్కరూ లేరు. ఒక్కోసారి అబద్ధం చెప్పి చూద్దామా అనిపిస్తుంది, ఎవరైనా నా మీదకి లేస్తారేమోనని.