ఫోటోల కోసం కడిగిన ఇల్లు

ఆ ఇంటికి మేము మొదట వేయించిన రంగు లేత ఆకుపచ్చ. ఆ సంగతి మాకే గుర్తులేదు. సున్నం వేయడానికని ముందు గది గోడకున్న సిలువను తీస్తే, దాని వెనక సిలువ ఆకారంలోనే ఒక ఆకుపచ్చ మచ్చ బయటపడింది. చుట్టూ గోడంతా బూడిద రంగుకు తిరిగిపోయి ఉంది. మా ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"గిదేనా మన రంగు?" అన్నాడు.

గోదావరిఖనిలో గోడలకు రంగు నిలవదు. మా కాలనీకి అవతల ఓపెన్‌కాస్టు బొగ్గు గని మొదలయ్యాక మరీను. పొద్దున ఊడ్చిన వాకిలి మధ్యాహ్నానికి నల్లబడేది. ఉతికి ఆరేసిన బట్టలు దులిపి గాని మడత పెట్టేవాళ్లం కాదు. పగటిపూట బ్లాస్టింగు జరిగితే కిటికీ రెక్కలు గలగలమనేవి. వంటింటి గోడకు పైనుంచి కింది దాకా సన్నటి పగులు ఒకటి వచ్చింది. ఇవన్నీ మాకు వానా ఎండా లాగే అలవాటైపోయాయి.

అలవాటు కానిది ఆయన దగ్గు. ఆయన పనంతా భూమి లోపలే సాగింది. మా వైపు గనిని బాయి అంటారు. పెళ్లయిన కొత్తలోనే బాయిలో డ్యూటీకి ఎక్కి, ఇక పనికి పనికిరావని దవాఖానలో రాసిచ్చేదాకా దిగుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక విశ్రాంతితో తగ్గుతుందనుకున్న ఆయాసం తగ్గలేదు. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "మందులు ఇస్త గని, ముందుగాల ఆ దుమ్ముల నుంచి బయటపడుండ్రి," అన్నాడు. గోదావరి దాటి, మంచిర్యాలకు అవతల మా చెల్లెలు ఉండే ఊళ్లో గాలి కాస్త తేటగా ఉంటుంది. నేను చిన్నపిల్లల బడిలో టీచరును. అలాంటి ఉద్యోగం ఎక్కడైనా దొరుకుతుంది. కాబట్టి ఇల్లు అమ్మేద్దామని నిర్ణయించుకున్నాం.

అమ్మాలనుకోగానే అమ్ముడుపోవడానికి అది సంతలో కూరగాయ కాదు కదా. అవి తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డు మీదికొచ్చిన రోజులు. బేరానికొచ్చిన వాళ్లు "రాష్ట్రం రానియ్యి, అప్పుడు చూద్దాం," అని వెళ్లిపోయేవారు. కొందరు ఇంటి లోపలికి కూడా రాలేదు. గేటు దగ్గర నిలబడి, కిటికీ చువ్వ మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుని వెనుదిరిగారు.

ఇల్లు అమ్మిపెడతానన్న బ్రోకరు నన్ను అక్కా అనీ, ఆయనను బావా అనీ పిలిచేవాడు. మా పక్క వీధి మనిషే. తన ఫోనుతో మా ఇంటి ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెట్టించాడు. ఒకరోజు ఇంటర్నెట్ సెంటరుకు తీసుకెళ్లి నాకు వాటిని చూపించాడు.

తెర మీద మా ఇంటిని చూసి నాకు తల తిరిగిపోయింది. ముందు గది గుహలా ఉంది. దండెం మీద ఆయన లుంగీలు. వంటింట్లో గ్యాసు బండ, దాని మీద గుడ్డ. ఓ మూలన మంచం కింద చీపురు, పాత బూట్లు, బియ్యం సంచులు. కిటికీలోంచి వచ్చే వెలుగు కూడా మురికిగా కనబడింది.

"చూసినవా అక్కా? గిట్లుంటె ఎవలస్తరు? పిల్లను చూపెట్టేటప్పుడు తల దువ్వి, మంచి చీర కట్టి చూపెడ్తరా లేదా? ఇల్లు సుత గంతే," అన్నాడు.

మాట కటువుగా ఉన్నా నిజమే అనిపించింది. బడికి సెలవులు రాగానే నడుం బిగించాను.

ముందు సామాను తగ్గించాను. ఎప్పుడో పనికొస్తాయని దాచినవి పేర్చితే వాకిలి నిండింది. విరిగిన టేబుల్ ఫ్యాను, మూతలేని డబ్బాలు, ఏళ్ల నాటి క్యాలెండర్లు, ఆయన బాయి బూట్లు, అంచు పగిలిన టోపీ. ఆయన వేపచెట్టు నీడన కుర్చీ వేసుకుని ప్రతి వస్తువునూ చూస్తున్నాడు. వంగితే ఆయాసం వస్తుంది కాబట్టి నేనే సాయం వద్దన్నాను. బూట్లు పాతసామాను సంచిలో వేయబోతుంటే అడిగాడు.

"గవి సుత ఫోటోలకు అడ్డమేనా?"

"ఎవరికి కావాలయ్యా ఇప్పుడవి?"

"మరి నన్ను యాడ పెడ్తవు? నేను సుత పాత సామాన్నే గద."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను గానీ బూట్లు మాత్రం సంచిలో వేయలేకపోయాను. కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టాను.

రంగు వేసేవాళ్లు వచ్చారు. ఆ సిలువ కింది ఆకుపచ్చనే మళ్లీ వేయించమన్నాడు ఆయన. తెలుపైతే గది పెద్దగా కనబడుతుందని బ్రోకరు పట్టుబట్టాడు. చివరికి గోడలకు తెలుపు, తలుపులకు ఆకుపచ్చ అని ఒప్పందం కుదిరింది. సిలువ గురించి కూడా బ్రోకరు నీళ్లు నములుతూ ఒక మాట అన్నాడు. ఫోటోలో అది కనబడితే కొందరు రారేమో, కొన్నాళ్లు తీసి ఉంచమని. మా ఆయన కోప్పడలేదు.

"తమ్మీ, ఎవలింట్లకు వస్తున్నరో తెలిసే రానియ్యి," అన్నాడు. సిలువ మళ్లీ గోడెక్కింది.

ఫోటోలకు ఈసారి స్టూడియో నుంచి ఒక అమ్మాయిని పిలిచాము. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీసే అమ్మాయి. మందమర్రి నుంచి కోడలిగా వచ్చింది. రాత్రి మంచి వాన పడి దుమ్మంతా అణిగిన పొద్దున ఫోన్ చేసి, "టీచర్, ఇయ్యాల్నే తీద్దాం. మళ్ల గిసువంటి వెలుతురు దొరకది," అంటూ గంటలోపే దిగింది.

అన్ని కిటికీలూ తీయించింది. గ్యాసు బండ ముందుకు బిందెలను జరిపింది. మా మంచం మీద దుప్పటి తీసేసి పెట్టెలోంచి కొత్త దుప్పటి వేయించింది. పెరట్లో నల్లా పక్కన పెద్ద షాబాదు బండ ఒకటి ఉండేది. దాని అంచులు అరిగి, మధ్యలో నలుపు పట్టి ఉంది. ఆ అమ్మాయికి అది నచ్చలేదు. పూలకుండీలన్నీ తెచ్చి దాని మీద వరసగా పెట్టింది. అప్పటిదాకా చూడడానికేమీ లేని పెరడు ఒక్కసారిగా తోటలా మారింది.

రెండు రోజుల తర్వాత బ్రోకరు ఆ ఫోటోలను పెద్దవిగా కడిగించి, పెళ్లి ఆల్బమ్ లాంటి ఆల్బమ్‌లో పెట్టి తెచ్చాడు. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. తడిసిన వాకిలి, ఆకుపచ్చ తలుపు, ఎండ పరుచుకున్న ముందు గది. చివరి పేజీ అయ్యాక మళ్లీ మొదటికి వచ్చాడు.

"గీ ఇల్లు ఎవలిది?" అన్నాడు.

"మనదే."

"గింత మంచిగుంటదా మనిల్లు? మరి మనమెందుకు గిట్ల ఉండలేదు?"

ఎప్పుడూ షిఫ్టులు, వంటలు, బడి. ఇల్లంటే అలసిపోయి వచ్చి పడుకునే చోటు. ఎవరో కొంటారంటే దాన్ని కడిగాం, తుడిచాం, కిటికీలు తీశాం. మా కోసం ఒక్కసారైనా ఆ పని చేసుకోలేదు. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

ఆ సాయంత్రం ఆయన వరండాలో కూర్చుని చెప్పేశాడు. "అమ్ముడు వద్దు. ఈన్నే ఉందాం. ఆల్బం బ్రోకరుకు వాపసు ఇచ్చెయ్యి."

నేను వాదించలేదు. డాక్టరు మాట గుర్తుచేయలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఆ తెల్లటి గదిని వదలబుద్ధి కాలేదు. బ్రోకరుకు కొన్నాళ్లు ఆగమని చెప్పాను. వారం పదిరోజులు మేము ఆ ఇంట్లో చుట్టాల్లా ఉన్నాం. టీ కూడా ట్రేలో పెట్టుకుని తాగాం.

తర్వాత వానలు ఆగాయి. ఎండ కాసింది. ఒక పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే ఆయన భుజం మీది తువాలుతో కిటికీ గట్టు తుడుస్తున్నాడు. తువాలు తిప్పి చూసుకున్నాడు. నల్లగా ఉంది. మళ్లీ తుడిచాడు. అంతలో దగ్గు అందుకుంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తెల్ల గోడ మీద ఆయన వేళ్ల గుర్తులు పడ్డాయి. దగ్గు తగ్గాక నా వైపు తిరిగి, "బ్రోకరును రమ్మను," అన్నాడు.

ఫోటోలు చూసి ఈసారి చాలామందే వచ్చారు. ఎక్కువమంది మొహాలు గుమ్మంలోనే వాడిపోయేవి. ఒకావిడ "ఫోటోలల్ల పెద్దగున్నదాయె," అని గది కొలిచినట్టు అటూ ఇటూ నడిచి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

చివరికి ఒక పడుచు జంట వచ్చింది. అతను మా ఆయనలాగే బాయి మనిషి. తండ్రి ఉద్యోగం ఇతనికి వచ్చింది. ఆమె ముందు గదినీ, ఆకుపచ్చ తలుపునూ ఒక చూపు చూసి నేరుగా పెరట్లోకి నడిచింది. పూలకుండీల దగ్గర ఆగి అటూ ఇటూ వెతికింది.

"చిన్నమ్మా, డ్యూటీ నుంచి వస్తె యాడ కడుక్కుంటరు? నేరుగ ఇంట్లకే వస్తరా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన వచ్చి ఒక కుండీ పక్కకు జరిపాడు. వంగొద్దన్నా వినకుండా రెండోది కూడా జరిపాడు. ఆ కుర్రవాడు మిగిలినవి తీశాడు. అరిగిన షాబాదు బండ బయటపడింది.

"గిదో బిడ్డా, ఈన్నే. నల్లా ఈడనే. నీళ్లు బయటి మోరీలకు పోతయి. ఒక్క చుక్క ఇంట్లకు రాదు. ఇన్నేండ్లు నేను గీ బండ మీద కడుక్కునే లోపటికి పోయిన."

ఆ అమ్మాయి మొహం వెలిగింది. "మేముండే కిరాయింట్ల గిదే తక్లీఫు. బట్టల మసి అంత అన్నంల పడ్తది," అంది. బండ మీద నిలబడి నల్లా తిప్పి చూసింది.

ఆ తర్వాత మా ఆయన వాళ్లను వంటింట్లోకి తీసుకెళ్లాడు. రంగు కింద దాగిన పగులును వేలితో చూపించాడు. "గోడకు పర్రె ఉన్నది. రంగేసినం గని మళ్ల కనబడ్తది. బ్లాస్టింగుకు వచ్చింది," అన్నాడు. వెనక నిలబడ్డ బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు.

"మా తాన అందరిండ్లకు ఉన్నయి కాకా," అన్నాడు కుర్రవాడు తేలిగ్గా. తర్వాత అడిగాడు. "గింత మంచిగ చేయించుకున్నరు, మరి ఎందుకు పోతున్నరు?"

ఈ ప్రశ్నకు బ్రోకరు మాకు జవాబు నేర్పి ఉంచాడు. చెల్లెలు పిలుస్తోందని చెప్పమన్నాడు. అది అబద్ధం కూడా కాదు. నేను ఆ మాటే అనబోయాను. మా ఆయన ముందే అన్నాడు.

"దుమ్ము నాకు పడ్తలేదు తమ్మీ. ఊపిరి అందుతలేదు."

ఆ అమ్మాయి భర్త మొహంలోకి చూసింది, తర్వాత మా ఆయన ఛాతీ వైపు చూసింది. బేరం పోయిందనే అనుకున్నాను. కానీ ఆమే అంది.

"ఈయన డ్యూటీ ఈడనే గద కాకా. మేం యాడుంటె మాత్రం దుమ్ము తప్పుతదా? కడుక్కునేటందుకు జాగనన్న ఉంటది."

వాళ్లే కొన్నారు. మేము గోదావరి దాటాం. కొత్త ఊళ్లో ఆయన ఆయాసం పూర్తిగా పోలేదు గానీ, మెట్లెక్కగలిగాడు, మధ్యలో లేవకుండా నిద్రపోగలిగాడు. నేను మాత్రం అప్పుడప్పుడూ ఆ జంట గురించి ఆలోచించేదాన్ని. మేము ఏ గాలి వద్దని పారిపోయామో ఆ గాలినే తెలుపు రంగు వేసి ఇంకొకరికి ఇచ్చామా అనిపించేది. వాళ్లకు అన్నీ చెప్పే ఇచ్చాం కదా అని మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని. ఆ సర్దుబాటు ఎక్కువసేపు నిలిచేది కాదు. చెప్పి ఇవ్వడం వల్ల దుమ్మేమైనా తగ్గుతుందా?

రాష్ట్రం వచ్చిన ఏడు ఆ ఇద్దరూ బిడ్డను చంకనేసుకుని మా ఇంటికి వచ్చారు. బిడ్డ పుట్టినరోజుకు పిలవడానికి. మా ఆయన చేసిన మొదటి పని ఆ కుర్రవాణ్ని అడగడం.

"లోపట మాస్కు కట్టుకుంటున్నవా?"

"కట్టుకుంటున్న కాకా."

"ఉత్తగ చెప్తుండు," అంది ఆమె. "ఉక్కపోస్తదని జేబుల పెట్టుకుంటడు."

మా ఆయన అతని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాడు. నేనూ ఆ అమ్మాయీ లోపల బిడ్డకు పాలు కలుపుతూ కూర్చున్నాం. కిటికీలోంచి ఇద్దరూ కనబడుతున్నారు. మా ఆయన తన చొక్కా గుండీలు విప్పి, కుర్రవాడి అరచేతిని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఊపిరి పీల్చి వదులుతున్నాడు. కుర్రవాడు తల వంచుకుని, చెయ్యి తీయకుండా అలాగే కూర్చున్నాడు.