కాళ్ళు దించుకునే బెంచీ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా మగ్గమింటికీ నా గదికీ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. పోయిన ఏడాదంతా ఆ గోడకు ఆనుకుని, ఒళ్ళో పోటీపరీక్షల పుస్తకం తెరుచుకుని, దాని మధ్యలో కథల పుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. రెండూ చదివింది తక్కువే. గోడకు అవతల ముగ్గురు మగవాళ్ళు ఊరికి సేవ చేస్తూ మాట్లాడుకునే మాటలు విన్నదే ఎక్కువ. నవ్వు ఆగనప్పుడు చున్నీ నోట్లో కుక్కుకునేదాన్ని.

ఆ ముగ్గురినీ ఒకచోట చేర్చింది మా అమ్మ. నడుమునొప్పితో మగ్గం మానేసి, దాన్ని విప్పి మూలన పెట్టాక మా నాయన వంటింటి గడప మీద కాపురం పెట్టాడు. చింతపండు ఎక్కువైందంటాడు, మంట తగ్గించమంటాడు, పప్పు ఇంకా ఉడకాలంటాడు. అదే రోజుల్లో మా వాకిలి తలుపు బాగుచేయడానికి చర్చి పెద్దాయన వచ్చాడు. ఆయనకు కొంచెం మెట్టపొలం ఉంది, చర్చి బెంచీలు మరమ్మతు చేసీ చేసీ వచ్చిన వడ్రంగం ఉంది. అమ్మ గొంతు తగ్గించి, "అన్నా, ఈయప్పను యాడికన్నా తోలుకోని పో, నీకు పుణ్యముంటాది" అంది.

ఆయన నాయనను ఎక్కడికీ తీసుకుపోలేదు. తన రంపం, సుత్తి, బాడిసె తీసుకుని మా మగ్గమింటికే వచ్చేశాడు. ఊరికి పనికొచ్చే చిన్నచిన్న పనులు ఉచితంగా చేద్దామన్నాడు. డోన్‌లో రైల్వే ఉద్యోగం చేసి రిటైరై మా వీధిలో ఇల్లు కట్టుకున్న మామ వారం తిరగకముందే చేరాడు. ఆ మామ టీ కూడా టైం ప్రకారమే తాగుతాడు. ముందు వస్తే గ్లాసు పక్కన పెట్టి, గడియారం చూసుకుంటూ చల్లారనిస్తాడు. సంఘానికి ఏం పేరు పెట్టాలన్నది చాలా రోజులు చర్చించారు. అది తేలేలోపు వీధిలో ఆడవాళ్ళే "మగోళ్ళ బడి" అని పెట్టేశారు.

ఆ బడిలో గంట పని జరిగితే దాని గురించి రెండు గంటలు మాటలు నడిచేవి. అంగన్‌వాడీ స్టూళ్ళకు కాళ్ళు వేశారు. వీధి కుళాయి కింద బిందె నిలబడేలా దిమ్మె కట్టారు. మాట్లాడేటప్పుడు ముగ్గురూ మగ్గం గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించుకునేవాళ్ళు. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంట అది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది.

నాయనకు మాత్రం ఆ బడి పట్టుబడలేదు. మేకు కొడితే వంకర, కోస్తే గీత దాటేది. చివరికి కొలిచే టేపు రెండో కొస పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు. ఒకరోజు ఆయన మెల్లగా అన్న మాట గోడ ఇవతలికి వినబడింది. "కొస పట్టుకునేదానికి గోడకు మేకు కొడితే సాలు. నేనెందుకప్పా ఈడ?"

ఆ రోజు నాకు నవ్వు రాలేదు. నాయన మళ్ళీ గడప మీదికి వస్తాడని అమ్మ భయం. ఆ చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉండడం మళ్ళీ చూడాల్సి వస్తుందని నా భయం.

అప్పుడు వచ్చింది బస్టాపు బెంచీ మాట. కర్నూలు బస్సు కోసం ముసలివాళ్ళు రేకు నీడలో గంటలు గంటలు నిలబడేవాళ్ళు. చెక్కకు ఏం చేద్దామని మిగతా ఇద్దరూ అనుకుంటుంటే, మూలనున్న మగ్గం దుంగలు తీసుకోమన్నాడు నాయన. పెద్దాయన లేచిపోయి దుంగలను వేలితో తట్టి చూశాడు. నాయనే మళ్ళీ, "ఎత్తు మాత్రం నేను జెప్తా. మీరిద్దరూ నిలబడి బతికినోళ్ళు. కూసునేది నాకు తెలుసు" అన్నాడు.

ఆయనకు తెలిసిన కూర్చోవడం ఒక్కటే. బెంచీ నేలకు జానెడు ఎత్తున వచ్చింది. ముందు కాళ్ళకు గుంట, దిగడానికి మెట్టు, వాన నీళ్ళు పోవడానికి తూము. మామ గుంటకు సిమెంటు పూశాడు. పెద్దాయన చెక్క నున్నగా చిత్రిక పట్టాడు. నెలల తరబడి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని టీ తాగినవాళ్ళు కదా, లోకంలో బెంచీలకు గుంటలు ఉండవన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

లోకానికి మొదటిరోజే తట్టింది. బస్సులోంచి చూస్తే మనుషులు నడుము దాకా భూమిలో ఉన్నట్టు కనబడ్డారు. కండక్టరు తల బయటపెట్టి, "ఏమప్పా, ఈడ మనుషులను నాటినారా?" అని అడిగాడు. కాలేజీ పిల్లలు ఫోటోలు తీసుకున్నారు. మర్నాటి నుంచి అందులో కూర్చోవడానికి అందరికీ సిగ్గు.

నాయన గడప మీదికి వచ్చేశాడు. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. గుంట పూడ్చి, బెంచీకి కాళ్ళు వేద్దామని మిగతా ఇద్దరూ వచ్చి చెప్పారు. "పూడ్సండి," అన్నాడు, అంతే.

పూడ్చే రోజు పొద్దున నేను కోచింగ్‌కని బస్టాపులో ఉన్నాను, ఎప్పటిలాగే అందరికీ దూరంగా. కంటి ఆసుపత్రికి పోవాల్సిన ఒక అవ్వ బెంచీ మీద ఉంది. కాళ్ళు గుంటలో, వీపు బస్టాపు గోడకు, నోరు తెరుచుకుని నిద్ర. బస్సు వచ్చింది. నాకు గట్టిగా పిలవడం చేతకాదు. భుజం తట్టాను, అవ్వా అవ్వా అన్నాను. నాకే వినబడనంత మెల్లగా అని ఉంటాను. ఆమె కళ్ళు తెరిచేసరికి బస్సు ఇద్దరినీ వదిలేసి పోయింది.

అప్పుడే ముగ్గురూ మన్ను గంపలతో వచ్చారు. గుంట పూడ్చాలి, లేవమన్నారు. అవ్వ లేవలేదు.

"ఎందుకు పూడ్సేది?"

"ఊరంతా నగుతాండారవ్వా," అన్నాడు పెద్దాయన.

"నగేటోళ్ళకు మోకాళ్ళు బాగుండాయి. నా కాళ్ళు ఈడనే ఉంటాయి, పోసుకో మన్ను."

నాయన గంప దించాడు. ఎత్తు సరిపోయిందా అని చిన్నగా అడిగాడు. అవ్వ ఆయనను పైకీ కిందికీ చూసి, శానా బాగుండాది గాని బస్సు వస్తే లేపేదానికి ఒక మనిషిని కూడా పెట్టండి అంది. మామ వెంటనే గడియారం చూసుకున్నాడు. ఆ ఉద్యోగం ఇప్పుడు ఆయనదే. బస్సుకు అయిదు నిమిషాల ముందు వచ్చి, నిద్రపోతున్నవాళ్ళందరినీ లేపుతాడు.

నాయన ఇప్పుడు ఇంట్లో దొరకడం లేదు. రేషన్ షాపు దగ్గర కూర్చునే చోటుకు కూడా ఆయనే కొలత చెప్పాలట. పిండిమరకు పోయే మనిషి లేడని అమ్మ సణుగుతోంది. పప్పులో ఉప్పు ఎంత పడుతుందో తనకే తెలియడం లేదని కూడా అంటోంది.

మొన్న బస్టాపుకు పోతే నాయన బెంచీ కొసన ఒక చిన్న చెక్కపెట్టె బిగిస్తున్నాడు. మగ్గం పక్కన నూలు కండెలు పెట్టుకున్న పెట్టె అది. మేకులన్నీ వంకర. ఎవరికి ఈ పెట్టె అని అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"నీకే పాపా. నీ కతల పుస్తకం దీంట్లో పెట్టుకో. గోడ అవతల నువ్వు నగేది ఏడాదిగా వింటనే ఉండా. పరీచ్చల పుస్తకం సదువుతా ఎవురన్నా అట్ల నగుతారా?"