విమానం దిగాక మొదలయ్యే దూరం

మొన్న పొద్దున ఢిల్లీలో ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆళ్లగడ్డ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "పెద్దనాయన పోయినాడక్కా. ఎంతసేపట్లో వస్తావ్? సాయంత్రం దాకా ఎత్తకుండా పెడతారంట." హైదరాబాదుకు రెండుంబావు గంటలే విమానం, వచ్చేస్తానన్నాను. ఆ మాట పెద్దనాయన వినుంటే ఒప్పుకునేవాడు కాదు.

మా చిన్నప్పుడే నాయన పోతే మమ్మల్ని సాకింది పెద్దనాయనే. నాలుగు రోడ్ల దగ్గర బాడుగ కారు నడిపేవాడు. ఊళ్లో ఎవరు విమానం ఎక్కాలన్నా, దిగి రావాలన్నా ఆయన కారే. తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఎవరైనా టికెట్టు చూపించి రెండు గంటలేనంటే ఒళ్లు మండేది. "రెండు గంటలు దానికి, నీకు కాదు. దిగినాక ఈడికి రావాలంటే ఇంకో ఆరు గంటలు" అనేవాడు. దారిలో ఒక్క టీ, అదీ బండి దగ్గరే నిలబడి తాగేవాడు.

ఒకసారి నేను విమానం దిగి పెద్దనాయన కార్లో ఊరికొస్తుంటే, నాతోపాటు చాగలమర్రి ఆయన ఒకాయన ఎక్కాడు. తండ్రి పోయాడని బొంబాయి నుంచి వచ్చాడు. పది నిమిషాలకోసారి "ఇంగెంత దూరమప్పా?" అని అడిగేవాడు. పెద్దనాయన విసుక్కోకుండా ప్రతిసారీ చెప్పాడు గానీ బండి వేగం పెంచలేదు. ఆయన్ని దింపి వెనక్కి వస్తూ, కొంచెం తొక్కుంటే ఏం పోయేదని అడిగాను.

"తొక్కింటే దావలో ఆయప్ప గూడా పోయుండునేమో. ఆ ఇంటికాడ జనాన్ని చూస్తివా, పొద్దన్నుంచి తిండి లేకుండా కూచోనుండారు. పీనుగ లేసేదాకా వీధిలో ఎవురూ పొయ్యి ముట్టియ్యరు గదా. ఎవురి మీద జాలిపడాల్నో తెలీదు పాపా" అన్నాడు.

నా విమానం ఆలస్యమైంది. హైదరాబాదులో టాక్సీ ఎక్కినప్పటి నుంచి నేనూ డ్రైవర్ని ఇంకెంత దూరమని అడుగుతూనే ఉన్నాను. ఒక్కసారి పెద్దనాయన మొహం చూడాలి, అంతే. నంద్యాల దాటాక తమ్ముడు ఫోన్ చేసి యాడుండావని అడిగాడు. చెప్పాను. "సరే, నిదానంగా రాక్కా" అన్నాడు. ఎత్తేశారని అప్పుడే తెలిసింది. ఇంకా నలభై కిలోమీటర్లుంది. ఏడవడానికి కూడా ఓపిక లేక కిటికీకి తల ఆనించి కూర్చున్నాను.

పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాను. పెద్దమ్మ తలుపు దగ్గరే కూర్చుని ఉంది.

"మీ తమ్ముడు ఆగుదామని కొట్లాడినాడు పాపా. మీ పెద్దనాయన ముందే చెప్పిపోయినాడు. ఇమానంలో వచ్చేటోళ్ల కోసరం నన్ను పెట్టొద్దండి, పిల్లోళ్లు పస్తుంటారన్నాడు. ఎత్తేసినారని తెలిస్తే పాప మెల్లగా వస్తాది, అట్లన్నా బాగా చేరుతాది అన్నాడు."

నాకు కోపమొచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు, అయినా వచ్చింది. చెప్పులు విడిచి వాకిట్లో అడుగుపెట్టాను. ఆయన్ని తీసుకుపోయాక కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు.